స్టీల్ ప్లాంటు కోసం పాపను ఆపకండి, అన్నా

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బట్టల కొట్టు నడుపుతున్నాను. మా పాప ఈ ఏడాది ఎలక్ట్రికల్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసైంది. శ్రీసిటీలో ఒక కంపెనీ ఏడాది అప్రెంటిస్‌గా రమ్మంది. మా బంధువులేమో జమ్మలమడుగు దగ్గర స్టీల్ ప్లాంటు వస్తుంది, కడప పక్కన కొప్పర్తిలో కంపెనీలు పెడతాండారు, రెండేళ్లు ఓపిక పడితే ఇంటికాడే ఉద్యోగం అంటున్నారు. ఆడపిల్లను అంత దూరం పంపాలంటే వాళ్లమ్మకు భయం. ఏం చేయమంటారు?

జవాబు: పంపండి అన్నా. మీ బంధువులు పాప మేలు కోరే చెప్పారు, అందులో అనుమానం లేదు. మన జిల్లాకు పెద్ద ఫ్యాక్టరీ రావాలని నాకూ ఉంది. కానీ ఫ్యాక్టరీ వస్తుందన్న మాటకూ, అందులో మొదటి జీతం పడే రోజుకూ మధ్య ఎంత కాలం పోతుందో కడప జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. స్టీల్ ప్లాంటుకు 2007లో మొదటి శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత 2018లో, 2019లో, 2023లో మళ్లీ జరిగింది. 2014 విభజన చట్టంలోనూ ఇక్కడ ప్లాంటు వీలవుతుందో లేదో చూడమని కేంద్ర ప్రభుత్వ ఉక్కు కంపెనీ సెయిల్‌కు రాశారు. స్థలం మారింది, కంపెనీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. 2007లో పుట్టిన పిల్లలు ఇప్పుడు డిప్లొమాలు పూర్తి చేస్తున్నారు. మీ పాపది ఇంచుమించు అదే వయసు.

దీన్ని రాజకీయాల మీదకే తోసేస్తే సగమే అర్థమవుతుంది. ఉక్కు తయారీకి ఇనుప ఖనిజం బళ్లారి వైపు నుంచి రావాలి. ఉక్కు కొలిమికి వాడే కోకింగ్ బొగ్గు చాలావరకు విదేశాల నుంచి ఓడల్లో దిగి, రేవు నుంచి రైల్లో ఇక్కడికి చేరాలి. 2019లో ఓబులవారిపల్లె-వెంకటాచలం రైలు లైను, వెలికొండల కింద 6.6 కిలోమీటర్ల సొరంగంతో సహా తెరిచాక కృష్ణపట్నం రేవు దారి దగ్గరైన మాట నిజమే. అయినా సముద్రం ఒడ్డునున్న ప్లాంటుకు లేని రవాణా ఖర్చు ఇక్కడ టన్ను టన్నుకూ పడుతుంది. వేల కోట్లు పెట్టేవాళ్లు ఉక్కు ధర తగ్గిన ప్రతిసారీ ఆగి చూస్తారు. వాళ్లు ఆగినన్నాళ్లూ మన పిల్లలు ఇంట్లో కూర్చోవాలా?

కొప్పర్తి సంగతి వేరు. అక్కడ కొన్ని యూనిట్లు నడుస్తున్నాయి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో కొప్పర్తి ఉంది, కర్నూలు దగ్గరి ఓర్వకల్లూ ఉంది. కొప్పర్తికి 2,596 ఎకరాలు అనుకున్నారు. మంచిదే. ఐతే రోడ్లు, నీళ్లు, కరెంటు వేసి ప్లాట్లు ఇవ్వడం మొదటి మెట్టు మాత్రమే.

మనలాంటి చిన్న నగరానికి కంపెనీని రప్పించడం ఒక ఎత్తు, నిలుపుకోవడం ఇంకో ఎత్తు. రావడానికి చౌకగా భూమి ఇస్తారు, కరెంటు చార్జీలో రాయితీ ఇస్తారు, కట్టిన పన్నులో కొంత కొన్నేళ్లు వెనక్కి ఇస్తారు. ఆ గడువు తీరాక కంపెనీని ఇక్కడ కట్టిపడేసేది ఏముంది? మోటారు వేగాన్ని నడిపే డ్రైవ్ కార్డు ఒకటి కాలిపోతే చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించుకోవాలి, అది వచ్చేదాకా తయారీ లైను ఆగుతుంది. దాన్ని విప్పి బాగుచేయగల మనిషి ఊళ్లో దొరకడు, ఎందుకంటే ఆ పని నేర్చినవాడు ఎప్పుడో చెన్నై పక్కన ఫ్యాక్టరీలున్న శ్రీపెరుంబుదూరు వెళ్లిపోయాడు. బయటి నుంచి వచ్చిన మేనేజరు కుటుంబాన్ని తీసుకురాడు, ఏడాది రెండేళ్లకు బదిలీ అడుగుతాడు. కడపలో 2015లో విమానాశ్రయం తెరిచారు, కానీ ఒక సర్వీసు మొదలై ఆగడం, ఇంకొకరు వచ్చి మొదలుపెట్టడం చూస్తూనే ఉన్నాం. యజమాని లెక్క వేసుకునేటప్పుడు ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. వీటిలో మనుషుల కొరత తీర్చడం ప్రభుత్వం ఒక్కటే చేయగల పని కాదు, మీ పాపలాంటి వాళ్లు చేతిలో పనితో తిరిగొస్తేనే అది తీరుతుంది.

పెనుకొండ దగ్గర కియా చూడండి. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరితే 2019 ఆగస్టుకల్లా కారు మార్కెట్లోకి వచ్చింది. పక్కనే బెంగళూరు హైవే, గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు, విడిభాగాలు చేసే కంపెనీలు వెంటే రావడం, ఇవన్నీ ఒకచోట కలిశాయి. శ్రీసిటీకి చెన్నై, రేవులు దగ్గర. అందుకే పని నేర్చుకోవడానికి ఈ రోజుకు అలాంటి చోటే సరైనది.

ఇక ఆ అప్రెంటిస్ కాగితం. ఒప్పందం కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్ పోర్టల్‌లో నమోదైందో లేదో ముందు చూడండి. నమోదైతే చివర్లో ప్రభుత్వ సర్టిఫికెట్ వస్తుంది. లేకపోతే కాంట్రాక్టరు కింద కూలీగా ఏడాది పోతుంది, దానికైతే పంపొద్దు. ఏ విభాగంలో వేస్తారో కచ్చితంగా అడగండి. లైను మీద స్క్రూలు బిగించే చోటు వద్దు, మెయింటెనెన్స్ కావాలని పాపనే మెయిల్ రాయమనండి. ప్యానెల్ బోర్డులు, పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటరు), మోటారు డ్రైవ్‌లు, ఈ మూడింటి మీద చెయ్యి పడాలి. ఇంకో మాట, నాట్స్ అవకాశం పాసైన కొన్నేళ్ల వరకే. బంధువులు చెప్పిన ఆ రెండేళ్ల ఓపిక ఇక్కడ మీకే నష్టం.

ఏడాది తర్వాత తిరిగి రావాలనుకుంటే స్టీల్ ప్లాంటు దాకా ఆగక్కర్లేదు. కలమళ్ల దగ్గర 1,650 మెగావాట్ల థర్మల్ కరెంటు కేంద్రం ఆర్‌టీపీపీ నడుస్తోంది. ఎర్రగుంట్ల, చిలంకూరు సిమెంటు ఫ్యాక్టరీలు మీ ఇంటి నుంచి రోజూ పోయి రాగలిగినంత దూరమే. సిమెంటు కాల్చే కిల్న్ ఆగితే గంటకు ఎంత నష్టమో వాళ్లకు తెలుసు, అందుకే అనుభవం ఉన్న ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ మనిషికి అక్కడ విలువ. అనుభవం లేని డిప్లొమాలు మాత్రం వాళ్ల దగ్గర కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. బీటెక్ మీద మనసుంటే డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరొచ్చు, ఆ దారి ఏడాది తర్వాత కూడా తెరిచే ఉంటుంది.

వదినమ్మ భయం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. చేరే ముందు ఇద్దరూ పాపతో పాటు వెళ్లండి. హాస్టల్ కంపెనీదా, బయటిదా, వార్డెన్ ఎవరు, రాత్రి షిఫ్టు ఉందా, ఉంటే గేటు దాకా బస్సు వస్తుందా, ఇవి ఆమెనే అడగనివ్వండి. అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న మన వైపు అమ్మాయిలతో ఒక పూట మాట్లాడించండి. హాస్టల్ నచ్చకపోతే ఆ కంపెనీ వద్దనుకోండి, కానీ ఇంకో చోట అప్రెంటిస్‌కు ఆ వారమే దరఖాస్తు పెట్టించండి.