మీరెళ్ళి రండి, మేం ఇంటి దగ్గరే ఉంటాం

ప్రశ్న: మేం సియాటెల్‌లో ఉంటాం. నాకు 41, నా భార్యకు 38, పాపకు 14, బాబుకు 8. పోయిన వేసవిలో అమ్మానాన్నలు వచ్చినప్పుడు అందరం కలిసి మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కుకూ, అక్కణ్ణుంచి ఎల్లోస్టోన్‌కూ కారులో 8 రోజుల ట్రిప్ వేశాం. నాన్న 31 ఏళ్ళు ఆర్టీసీ డ్రైవరుగా చేశారు. గ్లేసియర్‌లో కొండ దిగుతుంటే "గేరు తగ్గించు, బ్రేకు మీంచి కాలు తియ్యి" అని పదే పదే అన్నారు. విసుగొచ్చి "ఇది మీ ఆర్టీసీ బస్సు కాదు, కాసేపు ఊరుకోండి" అన్నాను, పిల్లల ముందే. ఆ తర్వాత ఐదు రోజులు ఆయన నోరు విప్పలేదు. ఈ వేసవికి మళ్ళీ వస్తున్నారు. ట్రిప్ మాటెత్తితే "మీరెళ్ళి రండి, మేం ఇంటి దగ్గరే ఉంటాం" అంటున్నారు. నా భార్య కూడా రానంటోంది. ఐదు వేల డాలర్లు పెట్టి అన్నీ చూపించాను. ఒక్కరికీ ఆ విలువ తెలీదా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎనిమిది రోజులు తిరిగొచ్చారు కదా, చూసిన కొండల గురించీ సరస్సుల గురించీ ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఉన్నదల్లా మీరన్న ఆ ఒక్క మాటే. అంటే అది మిమ్మల్నీ కోస్తూనే ఉంది.

ముందు ఒక సంగతి ఒప్పుకోండి. ఆ రోజు నాన్నగారు చెప్పింది నిజం. గ్లేసియర్ పార్కును దాటుతూ వెళ్ళే ఆ కొండ దారి, గోయింగ్ టు ద సన్ రోడ్డు, దాదాపు 50 మైళ్ళ పొడవు. 6,646 అడుగుల ఎత్తున ఉన్న లోగన్ పాస్ అనే కనుమ నుంచి పడమటి వైపు దిగేటప్పుడు ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క లోయ. అలాంటి దిగుడులో బ్రేకు నొక్కిపట్టుకుని వస్తే అది వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. గేరు తగ్గిస్తే ఇంజనే బండిని ఆపుకుంటూ వస్తుంది. ఆటోమేటిక్ కారుకైనా ఇదే సూత్రం. మీ ఆరుగురి ప్రాణాల గురించి ఆయన మాట్లాడుతుంటే మీకది సాధింపులా వినబడింది.

ఇప్పుడు ఆయన వైపు నుంచి చూడండి. అమెరికాలో దిగిన రోజు నుంచీ ఆయన చేతిలో తాళంచెవి లేదు. ఎక్కడికెళ్ళాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు లేవాలో అన్నీ మీరే చెబుతారు. బిల్లు మీరే కడతారు. హోటల్ కౌంటర్ దగ్గర మీరు మాట్లాడుతుంటే ఆయన వెనక నిలబడి ఉంటారు. ఆ ప్రయాణం మొత్తంలో మీకంటే ఆయనకు బాగా తెలిసిన పని ఒక్కటే ఉంది, ఘాట్ రోడ్డు మీద బండి దించడం. నోరు తెరిచి చెప్పిన ఆ ఒక్క విషయంలోనే, మనవడి ఎదుట, కొడుకు చేత మాటపడ్డారు. ఐదు రోజుల ఆ మౌనాన్ని అలక అనుకోకండి. ఇంకేం మాట్లాడినా ఇంతే కదా అని ఆయన తగ్గిపోయారు. "మేం ఇంటి దగ్గరే ఉంటాం" అంటున్నదీ అందుకే.

కాబట్టి ఆయన విమానం ఎక్కేలోపే ఫోన్ చేయండి. "ఏమైనా తప్పుగా అనుంటే ఏమనుకోకండి" అని చెప్పొద్దు, అది చెప్పినా చెప్పనట్టే. జరిగింది జరిగినట్టు చెప్పండి. "నాన్నా, ఆ రోజు కొండ దిగేటప్పుడు మీరు చెప్పిందే రైటు. నాకు భయమేసింది, ఆ కంగారులో నోరు జారాను." ఆయన "ఎప్పటి సంగతిరా అది" అనేసి ఫోన్ మీ అమ్మగారికి ఇచ్చేయొచ్చు. కొట్టిపారేశారని నిరాశపడకండి. చాలామంది నాన్నలకు క్షమాపణ వినడం కూడా కష్టమే. పిల్లల ముందు అన్న మాట కనుక, ఆయన వచ్చాక పిల్లల ముందు కూడా ఒకసారి అనండి.

ఇక మీ భార్య. నాన్నగారి గురించి అన్ని వాక్యాలు రాశారు, ఆమె గురించి ఒక్కటి. ఎందుకు రానంటోందో రాయలేదు. అడగలేదేమో అనిపించింది నాకు. జూన్ చివర్లో ఆ ప్రాంతంలో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. ఇంకా పొద్దుందిలే అని బండి తోలుతూ పోయి, గదికి చేరాక పెద్దవాళ్ళకు అన్నం ఎవరు వండారు? మాత్రలు ఎవరు చూశారు? తెల్లారి మళ్ళీ సామాను ఎవరు సర్దారు? ఇలాంటి ప్రయాణాల తర్వాత ఆడవాళ్ళు నాతో చెప్పేది దాదాపు ఎప్పుడూ ఇదే. ఈ రాత్రే అడగండి. ఆమె చెబుతున్నంతసేపూ అడ్డు రాకండి. అన్యాయం ఎవరికి ఎక్కువ జరిగిందని నన్నడిగితే, నాన్నగారి కంటే ముందు ఆమె పేరే చెబుతాను.

ఆమె ఊ అంటేనే ప్లాన్ గురించి ఆలోచించండి. ఎల్లోస్టోన్ తీసేయండి. సియాటెల్ నుంచి గ్లేసియర్‌కే 500 మైళ్ళు పైన. అక్కణ్ణుంచి ఎల్లోస్టోన్ పడమటి గేటుకు ఇంకో 400. బీపీ, మోకాళ్ళ నొప్పులు ఉండే వయసులో ఆ దూరం శిక్షే. దారిలో ఒక రాత్రి ఆగండి, గ్లేసియర్ దగ్గర వంటగది ఉన్న ఒకే ఇంట్లో నాలుగు రాత్రులు ఉండండి. వంట మీరూ నాన్నగారూ పంచుకోండి. గోయింగ్ టు ద సన్ రోడ్డు పూర్తిగా తెరవడం మంచును బట్టి ఉంటుంది, మామూలుగా జూన్ మధ్య నుంచి జులై మొదటి వారాల లోపు. జులై మూడో వారం పెట్టుకుంటే నయం.

పార్కులో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. గేటు దగ్గర ఇచ్చే కాగితం మ్యాపు నాన్నగారి చేతికివ్వండి, ముందు సీటూ ఆయనకే. బోర్డులు చదువుకుంటూ 31 ఏళ్ళు బండి నడిపిన మనిషి, దారి చెప్పగలరు. అమ్మగారికి ఎలుగుబంట్ల నిబంధన ముందే నిదానంగా చెప్పండి: పచ్చడి సీసాలే కాదు, సబ్బూ టూత్‌పేస్టూ లాంటి వాసనొచ్చే ఏ వస్తువూ బయట వదలకూడదని. అక్కడ ఆ క్షణంలో కసిరితే మళ్ళీ పాత కథే. పాపకు ఒక రోజంతా వదిలేయండి, ఆ రోజు ఎక్కడికెళ్ళాలో తనే చెబుతుంది.

ఇంకొక్కటి. గ్లేసియర్‌లో పైకప్పు కాన్వాసుతో ఉండే పాతకాలపు ఎర్రబస్సులు తిరుగుతాయి. 1936-39 మధ్య వైట్ మోటార్ కంపెనీ తయారుచేసినవి, 33 ఉన్నాయి. ఇంజన్లు తర్వాత మార్చారు. ఎండ కాస్తే పైకప్పు వెనక్కి చుట్టేస్తారు. వాటి డ్రైవర్లను జామర్లు అంటారు, ఆ రోజుల్లో ఎత్తుల మీద గేర్లు కిర్రుమని పడే చప్పుడును బట్టి వచ్చిన పేరది. లోగన్ పాస్‌కు ఈసారి మీ కారు వద్దు, ఆ బస్సులో వెళ్ళండి. స్టీరింగ్ ధ్యాస లేకుండా మీరు నాన్నగారి పక్కన కూర్చోండి, బాబును ఆయనకు అటు పక్కన కూర్చోబెట్టండి. ఆయన ఎర్రబస్సు గేర్ల సంగతి అడగండి, గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు తొక్కే డబుల్ క్లచ్ ఎలా వేసేవారో బాబుకు చేత్తో చూపించమనండి. ఆ టికెట్లు త్వరగా అయిపోతాయి, తేదీ అనుకోగానే తీసుకోండి. ఫోన్ మాత్రం టికెట్ల కంటే ముందు.