డైరీ రాస్తున్నా మాట ఎందుకు తడబడుతోంది?

ప్రశ్న: ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌ని. హాజరు, పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) చలానాలు తప్పుల్లేకుండా చూసుకుంటాను. మనుషులతో మాట్లాడాల్సి వచ్చినప్పుడే తడబడతాను. రోజూ డైరీ రాస్తే మెరుగుపడతావని సీనియర్లు చెప్పారు. ఆరు నెలలుగా రాస్తున్నా మార్పు లేదు. ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీరు రాస్తున్నది బహుశా పనుల చిట్టా అయ్యుంటుంది. 'ఇద్దరు మానేశారు, ఒకరికి షోకాజ్ నోటీసు ఇచ్చాం' అనేది రిజిస్టర్‌లో ఎలాగూ ఉంటుంది. డైరీలోకి రావాల్సింది మీరు తీసుకున్న నిర్ణయం, అలా ఎందుకు తీసుకున్నారన్నది. అదీ ఫలితం తెలియకముందే రాయాలి. తెలిశాక రాస్తే 'నేను ముందే అనుకున్నాను' అని మనసు సర్దేసుకుంటుంది, ఎక్కడ పొరబడ్డామో దొరకదు.

రోజూ వద్దు. వారానికి ఒక్క సంఘటన, ఇరవై నిమిషాలు చాలు. మాట్లాడిన రోజే, ఎడమ పేజీలో మీరన్న మాటలూ వాళ్లన్న మాటలూ ఉన్నవున్నట్టు రాయండి. 'సామరస్యంగా చర్చించాను' అని రాస్తే ఏమీ రాయనట్టే. కుడి పేజీలో అప్పుడు మీరేమనుకున్నారు, దానికి ఆధారమేంటి, ఇకపై ఏం జరుగుతుందని మీ అంచనా. అడుగున నెల తర్వాతి తేదీ ఒకటి వేసి, ఆ రోజు తప్పకుండా తిరిగి చదవండి.

ఒక వెల్డర్ మానేస్తున్నాడనుకుందాం. 'ఎందుకు మానేస్తున్నారు?' అంటే 'ఇంట్లో ఇబ్బందులండి' అంటాడు. ఫారంలో 'వ్యక్తిగత కారణాలు' అని పడుతుంది. ఇలాంటి పేజీలు నాలుగు పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగింటిలోనూ అదే జవాబుంటే ముందు మీ ప్రశ్నను అనుమానించండి. ఫైనల్ సెటిల్‌మెంట్, అంటే మానేసేటప్పుడు రావాల్సిన డబ్బు, చేతికి రాని మనిషి సూపర్‌వైజర్ మీద నోరు విప్పడు. 'మానేద్దామని మొదట ఎప్పుడనిపించింది?' అని అడిగి, ఆగండి. 'సంక్రాంతికి సెలవడిగినప్పుడండి' లాంటి మాట వస్తే పట్టుకోవడానికి ఒక కొస దొరికినట్టే. తర్వాతి ముగ్గురినీ ఇలాగే అడిగి, తేడా రాసుకోండి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఎడమ పేజీ అలవాటు చార్జిషీటు (కార్మికుడికి ఇచ్చే ఆరోపణల పత్రం) రాసేటప్పుడు బాగా అక్కరకొస్తుంది. 'దురుసుగా ప్రవర్తించారు' అని రాస్తే కార్మికుడికి దేనికి జవాబివ్వాలో తెలియదు, అలాంటి ఆరోపణ మీద నడిపిన ఎంక్వైరీ లేబర్ కోర్టులో నిలవడం కష్టం. తేదీ, సమయం, చోటు, అన్న మాటలు, విన్నవాళ్లు అన్నీ ఉండాలి.

డైరీలో పేర్లూ టోకెన్ నంబర్లూ రాయకండి. లైంగిక వేధింపుల ఫిర్యాదుల సంగతి అసలే వద్దు, 2013 చట్టం ఆ వివరాలు బయటపెట్టడాన్ని నిషేధించింది. 'నాకు మాట్లాడటం రాదు' అని తిట్టుకుంటూ రాసే పేజీలు కూడా పనికిరావు. ఏ మాట దగ్గర సంభాషణ ఆగిపోయిందో రాయండి.

ప్రశ్న: జూన్‌లో ఒక ఉద్యోగి నెల జీతం ఈఎస్ఐ పరిమితి 21,000 దాటింది. జూలై నుంచి ఈఎస్ఐ కోత ఆపేశాం. సరైనదేనా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: కాదు. ఈఎస్ఐ చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. మధ్యలో జీతం పెరిగినా ఆ కాలం ముగిసేదాకా, అంటే సెప్టెంబర్ 30 వరకు, పెరిగిన జీతం మొత్తం మీద ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం కట్టాలి. ఈ చందాలను బట్టే వచ్చే జనవరి నుంచి జూన్ దాకా అతనికి ప్రయోజనాలు అందుతాయి, కాబట్టి బకాయి వెంటనే కట్టేయండి. ఆ తర్వాత పొరపాటు ఎలా జరిగిందో చూడండి. పేరోల్ సాఫ్ట్‌వేర్ 21,000 దాటగానే తనంతట తానే ఆపేసిందా, ఎవరైనా చేత్తో తీసేశారా? సాఫ్ట్‌వేర్ అయితే సెట్టింగ్ మార్పించండి. చేత్తో తీసేసి ఉంటే, ఇంక్రిమెంట్ లెటర్లు వెళ్లే ముందు 21,000 దాటబోయేవాళ్ల జాబితా తీసి, ఒక్కొక్కరి ఎదుట కోత ఆపాల్సిన తేదీ రాయించండి.