మా పిల్లలకి వేరే దేశంలో ఫ్రెండ్స్ ఎలా దొరుకుతారు?

ప్రశ్న: మేడం, నేను రాజంపేట దగ్గర జెడ్పీ హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఐక్యరాజ్యసమితి గురించి చెప్తుంటే తొమ్మిదో క్లాసు అమ్మాయి ఒకతి లేచి "మనకి వేరే దేశం ఫ్రెండ్స్ దొరుకుతారా మేడం" అనడిగింది. నాకేం చెప్పాలో తోచలేదు. ఫోన్లో ముక్కూమొహం తెలీని వాళ్ళతో మాట్లాడించాలంటే భయం, పిల్లలకి ఇంగ్లీషేమో అంతంతమాత్రం. ఏం చేయమంటారు?

జవాబు: టీచర్ గారూ, ఆ అమ్మాయి అడిగింది చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. ముందు మీ క్లాసులోనే మొదలెట్టండి. మీ వైపు కువైట్‌కి పోయినోళ్ళు లేని ఊరు ఉండదు కదా, నాన్నో అమ్మో అక్కడున్న పిల్లలు మీ క్లాసులో తప్పకుండా ఉంటారు, వాళ్ళనడగండి మీ నాన్న రూంలో ఇంకా ఎవరెవరుంటారు, ఏ దేశం వాళ్ళు, ఏం వండుకుంటారు అని. నాకు తెలిసిన ఒక పాప వాళ్ళ నాన్నతో వీడియో కాల్ మాట్లాడుతుంటే వెనక నుంచి ఫిలిప్పీన్స్ ఆయన తొంగిచూసి "తిన్నావా" అని తెలుగులో అడుగుతాడు, ఈ పాప కూడా ఆయన భాషలో థాంక్స్ చెప్పడం నేర్చుకుంది, "సలామత్" అంట. ఇలాంటి పిల్లలు క్లాసులో చివరి బెంచీలో కూర్చుని ఏమీ తెలీనట్టుంటారు, వాళ్ళని ముందుకి పిలిచి మాట్లాడించండి.

తర్వాత పోస్టుకార్డులు. పోర్చుగల్ కుర్రాడు ఒకాయన 2005లో మొదలుపెట్టిన పోస్ట్‌క్రాసింగ్ అని ఒక సైట్ ఉంది. మనం ఎవరో ఒకరికి కార్డు పంపితే, అది చేరాక ఇంకో దేశం నుంచి ఇంకెవరో మనకి పంపుతారు. ఖాతా మీ పేరు మీద, అడ్రస్ స్కూల్‌ది పెట్టండి, పిల్లల ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ ఎక్కడా ఇవ్వొద్దు, ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఇంగ్లీష్ నాలుగు వాక్యాలు చాలు, తప్పులున్నా పర్లేదు. కానీ "ఇండియా ఈజ్ ఎ గ్రేట్ కంట్రీ" అని మాత్రం రాయించకండి ప్లీజ్, అది చదివి అవతలి పిల్లకి ఏం తెలుస్తుంది? మా అమ్మ పొద్దున్నే బొప్పాయి తోటలో కోతకి వెళ్తది, చేతులకి పాలు అంటుకుని మండుతాయి అని రాస్తే అవతల వాళ్ళకీ వాళ్ళమ్మ చేసే పని గురించి రాయాలనిపిస్తుంది. నా చిన్నప్పుడు ఫిన్లాండ్‌లోని తుర్కు నుంచి కలం స్నేహితుల్ని కలిపే సంస్థ ఒకటి ఉండేది, మా మాస్టారు ఫారం తెప్పించి నింపించారు, నాకు దొరికిన అమ్మాయి చలికాలంలో మాకు మూడున్నరకే పొద్దుగూకుతుంది అని రాసింది, నేను రెండ్రోజులు మూడున్నరకి వాకిట్లో నిలబడి ఎండ చూసుకుంటూ అదే ఆలోచించా.

అసలు ఇంగ్లీషే రాని వాళ్ళకి కాగితం కొంగలు. హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు రెండేళ్ళ పిల్ల సడాకో ససాకి, ఆ రేడియేషన్ వల్లొచ్చిన లుకేమియాతో, అంటే రక్త క్యాన్సర్‌తో, 1955లో పన్నెండేళ్ళకే పోయింది, నయమవుతుందన్న ఆశతో ఆస్పత్రి మంచం మీద కాగితం కొంగలు చేస్తూనే ఉంది. ఆమె క్లాస్‌మేట్స్ పూనుకోబట్టే 1958లో హిరోషిమాలో పిల్లల శాంతి స్మారకం వెలిసింది, ఇప్పటికీ ప్రపంచం నలుమూలల నుంచి పిల్లలు కొంగలు చేసి పంపుతూనే ఉంటారు. మీ వాళ్ళూ పాత నోటుబుక్కుల పేజీలతో దండ గుచ్చి పంపొచ్చు.

ఇంకోటి, ప్రపంచ తపాలా సంఘం 1971 నుంచి పిల్లలకి ఉత్తరాల పోటీ పెడుతోంది, 9 నుంచి 15 ఏళ్ళ లోపు వాళ్ళకి, మన దగ్గర తపాలా శాఖే నిర్వహిస్తుంది, తెలుగులో కూడా రాయొచ్చు. మీ పోస్టుమాస్టర్ గారిని కలిసి ఈ ఏడాది టాపిక్ ఏంటో కనుక్కోండి.

కార్డు రావడానికి నెల పైనే పట్టొచ్చు. ఆ అమ్మాయి రోజూ వచ్చి పోస్ట్‌మాన్ వచ్చాడా మేడం అనడుగుద్ది, విసుక్కోకుండా అడగనివ్వండి.