హీలియం మరుగుతుందా, గడ్డకడుతుందా?

సందేహం: కణాలను అతివేగంగా పరుగెత్తించే యాక్సిలరేటర్లలోని అతివాహక (నిరోధం లేకుండా కరెంటు పారే) అయస్కాంతాలను ద్రవ హీలియంతో చల్లబరచి పరీక్షించే పద్ధతి మీద డిగ్రీ పిల్లలకు తెలుగులో పాఠం రాస్తున్నాను. "హీలియం మరుగుతోంది" అన్నందుకు, మైనస్ 269 డిగ్రీల దగ్గర మరగడమేమిటని మా సహాధ్యాపకులు అభ్యంతరం చెప్పారు. "హీలియం గడ్డకట్టి గొట్టం పూడిపోయింది", "హీలియం కారిపోయింది", "4.2 డిగ్రీల కెల్విన్", "క్వెంచ్ అంటే అయస్కాంతాన్ని చల్లార్చడం" అని కూడా రాశాను. వీటిలో ఏవి ఉంచవచ్చు?
– ఒక భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, తిరుపతి

సమాధానం: "మరుగుతోంది" అని నిస్సందేహంగా రాయండి. ఆ అభ్యంతరం "కాగడా"నికి వర్తిస్తుంది, మరగడానికి కాదు. నీళ్ళు కాగినాయంటే వేడెక్కాయని. మరగడమంటే ద్రవం లోపలినుంచి బుడగలు లేచి ఆవిరి కావడం. వాతావరణ పీడనంలో హీలియం ఆ పని 4.2 కెల్విన్ల దగ్గరే, అంటే మీరన్న మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గరే చేస్తుంది. శ్రీహరికోట పుణ్యమా అని మన జిల్లాలో అందరి నోటా నలిగే క్రయోజెనిక్ ఇంజిన్లలోని ద్రవ హైడ్రోజన్‌కు ఆ హద్దు సుమారు 20 కెల్విన్లు. అదీ మరగడమే. పరీక్షలో లోపలికి ఎంత వేడి చేరుతోందో కొలవడానికి ఈ మరగడమే ఆధారం కూడా. ద్రవం పంపడం ఆపి, బయటికొచ్చే వాయువును కొలుస్తారు. ఒక వాట్ వేడి లోపలికి చేరితే గంటకు సుమారు 1.4 లీటర్ల ద్రవం మరిగిపోతుంది. అది గది వేడికి వచ్చేసరికి దాదాపు వెయ్యి లీటర్ల వాయువు.

కాని ఇదే మాట ఒకచోట తప్పవుతుంది. పంపుతో ఆవిరిని లాగుతూ పీడనాన్ని సుమారు 50 మిల్లీబార్లకు తెస్తే ఉష్ణోగ్రత 2.17 కెల్విన్లకు దిగుతుంది, హీలియం అతిద్రవం (సూపర్‌ఫ్లూయిడ్, జిగట లేకుండా పారే ద్రవం) అవుతుంది. అంతదాకా కుతకుతలాడిన ద్రవం ఉన్నట్టుండి నిశ్చలమవుతుంది. వేడి అంతటా అంత వేగంగా పాకుతుంది కనుక, బుడగ పుట్టేంత వేడి ఏ ఒక్కచోటా నిలవదు. పైతలం నుంచి మాత్రమే ఆవిరి పోతుంది. అక్కడ "ఆవిరవుతోంది" అనండి. ఐరోపా కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లోని పెద్ద యాక్సిలరేటర్ ఎల్‌హెచ్‌సీ అయస్కాంతాలు మునిగి ఉండే 1.9 కెల్విన్ల హీలియాన్ని దాదాపు వాతావరణ పీడనంలోనే ఉంచుతారు, అక్కడ ఆ మాటకూ చోటు లేదు.

"హీలియం గడ్డకట్టి" అన్నది తీసేయాలి. సుమారు 25 వాతావరణాల పీడనం పెడితే తప్ప హీలియం ఎంత చలికీ గడ్డకట్టదు. గొట్టాన్ని పూడ్చేది అందులో దూరిన గాలి, తేమ, లేదా మిగిలిపోయిన నైట్రోజన్. మొదట ద్రవ నైట్రోజన్‌తో 77 కెల్విన్ల దాకా చల్లబరచడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. నైట్రోజన్ 63 దగ్గర గడ్డకడుతుంది. దాన్ని పూర్తిగా వెళ్ళగొట్టి, పాత్రను శూన్యం చేసి శుద్ధ హీలియం నింపడం, మళ్ళీ శూన్యం చేసి నింపడం జరగకుండా ద్రవ హీలియం వదిలితే పాత్ర మెడలో మంచు బిరడా పడుతుంది. కింద మరుగుతున్న హీలియానికి దారి మూసుకుపోతుంది, పీడనం పెరిగిపోతుంది. అందుకే వాక్యంలో కర్త ముఖ్యం. "హీలియం గడ్డకట్టింది" అని చదివిన విద్యార్థి చలి ఎక్కువైందనుకుంటాడు. "గాలి గడ్డకట్టింది" అని చదివినవాడు గాలి ఎక్కడ దూరిందో వెతుకుతాడు, లోపలి పీడనం బయటికంటే కాస్త ఎక్కువగా ఉందో లేదో చూస్తాడు.

"కారిపోయింది"కి బదులు "లీకైంది" మేలు. కారడానికి కంటికి చుక్క కనబడాలి. ఇక్కడ కనిపించేది, వేడి చేరకుండా పాత్ర చుట్టూ ఉంచిన శూన్యం చెడిపోతోందని గేజి చూపడమే. గది వేడిలో లీకు పరీక్ష నెగ్గిన అతుకు చల్లబడ్డాక వదులు కావచ్చు. 4 కెల్విన్లకు దిగేసరికి స్టెయిన్‌లెస్ స్టీలు పొడవులో సుమారు 0.3 శాతం, అల్యూమినియం 0.4 శాతం కుంచించుకుపోతాయి. ఆ తేడాయే అతుకును లాగేస్తుంది. పైగా అతిద్రవం, మామూలు ద్రవం దూరలేని సందుల్లోంచి కూడా పోతుంది.

"డిగ్రీల కెల్విన్" వద్దు. 1967 నుంచి ఆ ప్రమాణానికి డిగ్రీ లేదు. "4.2 కెల్విన్లు" చాలు.

అన్నిటికంటే ముందు దిద్దవలసింది క్వెంచ్ వాక్యం. కాచిన పాలు చల్లార్చి తోడు వేస్తాం. చల్లార్చడమంటే ఉన్న వేడిని దించడం. నిఘంటువు చూసి ఆ మాట పెడితే అర్థం తలకిందులవుతుంది. క్వెంచ్‌లో అయస్కాంతం వేడెక్కుతుంది. తీగచుట్టలో ఒకచోట అతివాహకత పోయి నిరోధం పుడుతుంది. కరెంటు వల్ల అక్కడ వేడి పుట్టి పక్కకు పాకుతుంది, హీలియం ఒక్కసారిగా మరిగి రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. వోల్టేజిలో తేడా కనిపెట్టి వెంటనే సరఫరా కట్టేసి, అయస్కాంతంలోని శక్తిని బయటి నిరోధకంలోకి మళ్ళించకపోతే తీగ కాలిపోవచ్చు. మీ పాఠంలో ఇలా ఉండనివ్వండి: "క్వెంచ్ అంటే అయస్కాంతం నడుస్తుండగా అతివాహకత కోల్పోయి వేడెక్కడం." తర్వాత అంతటా "క్వెంచ్ అయింది" అనే రాయండి. "చల్లబరచడం" అన్న మాటను హీలియం చేసే పనికే అట్టిపెట్టండి.