ఆన్‌లైన్ క్లాసుల్లో సంతోషంగా ఉన్న అమ్మాయికి ఆన్‌లైన్ డిగ్రీ సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. కొవిడ్ సమయంలో ఏడో తరగతి దాదాపు అంతా, ఎనిమిదిలో కొన్ని నెలలు ఇంట్లోనే ఆన్‌లైన్‌లో చదివి మంచి మార్కులు తెచ్చుకుంది. అప్పుడున్నంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ లేదు. ఇప్పుడు కాలేజీ అంటేనే విసుక్కుంటోంది. డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ డిగ్రీ చేయించాలనుకుంటున్నాం. రెగ్యులర్ డిగ్రీతో పోలిస్తే దానికి విలువ ఉంటుందా? – ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అమ్మా, మీరు అడిగిన పోలికకు జవాబు చిన్నదే గనుక ముందు అది చెప్పేస్తాను. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం అనుమతితో నడిపే ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) స్పష్టం చేసింది. ఆ కోర్సుకు, ఆ విద్యా సంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ‘ఇంటి నుంచే బీటెక్’ అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం మాట్లాడకుండా పెట్టేయండి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. వాటిలో విలువ గురించి అడిగే వాక్యం కన్నా దానికి ముందుండే వాక్యాలే బరువైనవి. మీ ఉత్తరంలో అలాంటిది ‘అప్పుడున్నంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ లేదు’ అన్నది.

ఆ సంతోషం అబద్ధమని నేను అనను. పొద్దున్నే లేచి బస్సు కోసం పరుగెత్తే పని లేదు, అర్థం కాని పాఠాన్ని వెనక్కి తిప్పి మళ్లీ వినవచ్చు, నలుగురిలో నిలబెట్టి ప్రశ్నలడిగేవారు లేరు. బిడియస్తులైన పిల్లలు ఆ ఏడాది కాస్త ఊపిరి పీల్చుకున్న మాట వాస్తవం. అయితే ఆన్‌లైన్ చదువు బాగుందా అన్న ప్రశ్నకు జవాబు ఎవరిని అడిగామన్నదాన్ని బట్టి మారిపోతుంది. 2020లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తన విద్యార్థులను అడిగినప్పుడు, జవాబిచ్చిన సుమారు 2,500 మందిలో దాదాపు 90 శాతం మందికి ఫోన్లున్నా, ఆన్‌లైన్ తరగతులు పెడితే హాజరు కాగలమన్నవారు 37 శాతమే. మన తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలు ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ టీశాట్‌లోనూ పాఠాలు చూశారు. ఒక్క టీవీ ఉన్న ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ఏమయ్యేదో వేరే చెప్పనక్కర్లేదు.

పోనీ, సంతృప్తిగా ఉన్నవారంతా బాగా నేర్చుకున్నారా అంటే అదీ చెప్పలేం. 2019లో వెలువడిన ఒక హార్వర్డ్ పరిశోధనలో, భౌతికశాస్త్ర విద్యార్థుల్లో కొందరికి చక్కని ఉపన్యాసం వినిపించి, అదే పాఠాన్ని మరికొందరి చేత తరగతిలోనే సమస్యలు సాధింపజేస్తూ చెప్పి చూశారు. తాము ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నది ఉపన్యాసం విన్నవారు. పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చింది సమస్యలతో కుస్తీ పట్టినవారికి. మన దగ్గరైతే, 2020లో పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోగా ఉత్తీర్ణులైన పిల్లలే ఇంటర్ మొదటి ఏడాదిని చాలావరకు ఆన్‌లైన్‌లో చదివి, 2021 అక్టోబరులో పరీక్ష రాశారు. డిసెంబరులో ఫలితాలు వచ్చేసరికి గట్టెక్కినవారు 49 శాతమే. గొడవ ముదరడంతో తప్పినవారందరికీ ప్రభుత్వం కనీస మార్కులు వేసి పాస్ చేసింది.

ఇక్కడ మిమ్మల్ని కొంచెం గట్టిగానే అడగాలి. 2020–21లో మన రాష్ట్రంలో ఒకటి నుంచి తొమ్మిది వరకు వార్షిక పరీక్షలు లేకుండానే పై తరగతులకు పంపించారు. కాబట్టి మీరు చెబుతున్న మంచి మార్కులు బహుశా ఇంట్లో రాసి, ఫొటో తీసి, వాట్సాప్‌లో పంపిన పరీక్షలవి. ఆ ఫొటోలు తీసిందెవరు? పక్కనే పాఠ్యపుస్తకం తెరిచి ఉంటే చూసీ చూడనట్టు ఊరుకున్నదెవరు? కెమెరా ఆపేసి, చాట్‌లో ‘ఎస్ మేడమ్’ అని కొట్టి, టిఫిన్ ప్లేటు ముందు పెట్టుకుని కూర్చున్న బిడ్డను చూసి మురిసిపోయిన తల్లిదండ్రులు మీరొక్కరే కారు. కానీ ఆ మార్కుల భరోసాతో డిగ్రీ చదువును నిర్ణయిస్తానంటే నేను ఒప్పుకోను. పైగా ‘చేయించాలనుకుంటున్నాం’ అని రాశారే తప్ప అమ్మాయి ఏమంటోందో ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు.

వీలైతే ఆనాటి లెక్కల నోట్‌బుక్ ఒకసారి బయటకు తీయండి. అలాంటివి నేను చాలా చూశాను: మొదట్లో తేదీ, మార్జిన్, రంగు పెన్నుతో శీర్షిక, దసరా నాటికి సగం సగం పేజీలు, మూలన ‘స్క్రీన్‌షాట్ ఉంది’ అన్న గుర్తు, సంక్రాంతి తర్వాత తెల్ల కాగితాలు. సామాన్య సమీకరణాలు, నిష్పత్తులు ఉండాల్సిన చోట తెల్ల కాగితాలుంటే, కాలేజీ అంటే ఇప్పుడొచ్చే విసుగులో కొంత భాగం అక్కడ మొదలైనదే కావచ్చు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇంటర్ పరీక్షలయ్యాక నెల రోజులు పట్టుగా కూర్చుంటే పూడ్చుకోగలిగిన లోటే అది.

ఇక డేటా సైన్స్ మీద నాకున్న అనుమానాలను దాచను. అమీర్‌పేటలో ఒకప్పుడు ఒరాకిల్, శాప్, టెస్టింగ్ అంటూ సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డులు వేలాడిన గోడల మీదే ఇప్పుడు ఈ బోర్డులు వేలాడుతున్నాయి. పేరు ఎంత కొత్తదైనా దాని కింద ఉన్నది చాలావరకు గణితం, సంభావ్యత, గణాంకశాస్త్రం. ఎంపీసీలో లెక్కలంటే ముఖం తిప్పుకునే పిల్ల, ఇంట్లో కూర్చున్నంత మాత్రాన వాటిని ఇష్టపడదు. మద్రాస్ ఐఐటీ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీ కోర్సు మంచిదే, నేనే కొందరికి సూచించాను. అయితే జేఈఈ అక్కర్లేదన్న మాట దగ్గరే చాలామంది తల్లిదండ్రులు వివరాలు చదవడం ఆపేస్తున్నారు. నాలుగు వారాల పాఠాలు చదివి, అసైన్‌మెంట్లు పూర్తి చేసి, అర్హత పరీక్ష నెగ్గితేనే ప్రవేశం; ఆ తర్వాత కూడా పరీక్షలు కేంద్రానికి వెళ్లి రాయాల్సిందే. ఎవరూ గుర్తు చేయకుండా ఏళ్ల తరబడి చదవడం పెద్దవాళ్లకే కష్టం: ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో హార్వర్డ్, ఎంఐటీ నడిపిన కోర్సుల్లో 2017–18లో చేరినవారిలో చివరిదాకా నిలిచినవారు 3 శాతం పైచిలుకే. వాటిలో ఊరికే చూసిపోదామని చేరేవారు ఎక్కువ కాబట్టి డిగ్రీతో నేరుగా పోల్చకూడదు గానీ, పదిహేడేళ్ల పిల్ల మీద ఆ బరువు పెట్టే ముందు గుర్తుంచుకోదగ్గ అంకె.

అమ్మాయి మనుషులకు దూరమైపోతోందేమోనన్న బెంగ మీ ఉత్తరం అడుగున కనిపిస్తోంది, దాని గురించి మరీ కుంగిపోకండి. పొద్దుటి నుంచి చీకటిపడే దాకా స్టడీ అవర్లతో నడిచే ఇంటర్ కాలేజీలను చూసి విసిగిపోయిన పిల్లలకు, డిగ్రీ కాలేజీ కూడా అలాగే ఉంటుందనిపించడం సహజం. ఆమె అలసిపోయింది ఈ రెండేళ్ల పద్ధతితోనే అయితే, డిగ్రీలో చేరిన కొన్నాళ్లకే తేరుకోవచ్చు. అలా తేరుకున్న పిల్లలను నేను చాలామందిని చూశాను.

పైగా రెండింటిలో ఒక్కటే ఎంచుకోవాలన్న నియమం ఇప్పుడు లేదు. ఒక రెగ్యులర్ డిగ్రీని, ఒక ఆన్‌లైన్ డిగ్రీని కలిపి చదువుకోవడానికి 2022 నుంచి యూజీసీ అనుమతిస్తోంది. గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్స్ కలిసిన బీఎస్సీ ఎక్కడెక్కడ ఉందో డిగ్రీ ప్రవేశాల వెబ్‌సైట్ దోస్త్‌లో అమ్మాయినే వెతకమనండి. బేగంపేట ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలకు ఉప్పల్ నుంచి మెట్రో మారకుండా వెళ్లవచ్చు, కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి బస్సులున్నాయి. ఒక పనిదినాన ఆ రెండూ చూసి రమ్మనండి, తోడుగా మీరు కాకుండా స్నేహితురాలు వెళితే ఇంకా మంచిది. చూసొచ్చాక కూడా ఆన్‌లైన్ ఒక్కటే చాలని ఆమే గట్టిగా అంటే, ముందు ఆ నాలుగు వారాల అర్హత పాఠాలకు నమోదు చేయించండి. ఆ నెలంతా ‘అసైన్‌మెంట్ అయిందా’ అని మీరు ఒక్కసారి కూడా అడగకుండా ఆమె వాటిని ముగించి పరీక్ష నెగ్గితే, నాకు అభ్యంతరం లేదు, నిశ్చింతగా చేర్పించండి.