రాకెట్ కంపెనీలో ఉద్యోగం కావాలంటే ఏరోస్పేసే చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. హైదరాబాద్ కంపెనీ రాకెట్ ఎగిరిన నాటి నుంచి ఏరోస్పేస్ ఇంజినీరింగ్ తప్ప మరేదీ చదవనంటోంది. మంచి కాలేజీలో మెకానికల్ లేదా ఈసీఈ సీటు వచ్చే అవకాశం ఉంది. ఏరోనాటికల్ కావాలంటే మాత్రం మేనేజ్‌మెంట్ కోటాలో ఎక్కువ ఫీజు కట్టి వేరే కాలేజీలో చేర్పించాలి. ప్రైవేటు అంతరిక్ష సంస్థలను నమ్ముకోవచ్చా, ఇస్రోకే ప్రయత్నించమనాలా? అమెరికాలో ఎంఎస్ చేస్తే స్పేస్‌ఎక్స్‌లో ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ చేత పెద్ద అప్పు చేయించగలిగింది అదే. రాకెట్ పరిజ్ఞానాన్ని అమెరికా ప్రభుత్వం ఆయుధ పరిజ్ఞానంతో సమానంగా చూస్తుంది, దాని ఎగుమతిపై కఠినమైన నిబంధనలు పెట్టింది. విదేశీయుడికి ఆ వివరాలు తెలియజేయడం కూడా ఎగుమతి కిందికే వస్తుంది కాబట్టి, అక్కడి రాకెట్ కంపెనీలు సాధారణంగా అమెరికా పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవారిని, ఆశ్రయం పొందినవారిని మాత్రమే తీసుకుంటాయి. ఉద్యోగ ప్రకటనల్లోనే ఈ షరతు రాసి ఉంటుంది. విద్యార్థి వీసా మీద వెళ్లి ఎంఎస్ పూర్తి చేసిన మన పిల్లలకు, వారు ఎంత ప్రతిభావంతులైనా, ఆ తలుపు దాదాపు మూసి ఉన్నట్లే. భారత్‌లో పుట్టినవారు గ్రీన్‌కార్డు కోసం ఎన్నేళ్లు ఎదురుచూస్తున్నారో మీకు తెలియనిది కాదు. కన్సల్టెన్సీల వారు ఈ సంగతిని ముందుగా చెప్పగా నేను అరుదుగానే విన్నాను. అమ్మాయి ఎంఎస్‌కు వెళ్తానంటే వెళ్లవచ్చు, కానీ స్పేస్‌ఎక్స్ పేరు చెప్పి మాత్రం ఇల్లు తాకట్టు పెట్టకండి.

ఇక ప్రైవేటు సంస్థలను నమ్ముకోవచ్చా అన్న ప్రశ్న. 2002లో మొదలైన స్పేస్‌ఎక్స్ తొలి మూడు ప్రయోగాలూ విఫలమయ్యాయి. 2008 సెప్టెంబరులో నాలుగోది కక్ష్యను చేరింది, ఆ డిసెంబరులోనే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకులు చేరవేసేందుకు నాసా 160 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. కంపెనీ ప్రైవేటుదే అయినా, అది నిలదొక్కుకోవడంలో ప్రభుత్వ ఆర్డరు పాత్ర చాలా పెద్దది. మరోవైపు అమెరికాలోనే మరో రాకెట్ కంపెనీ వర్జిన్ ఆర్బిట్‌ను చూడండి. వరుసగా నాలుగు ప్రయోగాల్లో విజయం సాధించిన ఆ సంస్థ, 2023 జనవరిలో ఒక ప్రయోగం విఫలమైన తరువాత నిధులు దొరక్క మార్చిలో 85 శాతం సిబ్బందిని తొలగించి, ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. రాకెట్ బాగా ఎగరడమూ, కంపెనీ నిలబడడమూ ఒకటి కావని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దేశంలో 2020లో ఈ రంగాన్ని ప్రైవేటుకు తెరిచి, అనుమతుల కోసం ఇన్‌స్పేస్ సంస్థను ఏర్పాటు చేశారు. 2023లో అంతరిక్ష విధానం వచ్చింది, 2024లో విదేశీ పెట్టుబడుల నిబంధనలను సడలించారు. మీ అమ్మాయి చూసిన ప్రయోగం స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి చేసిన విక్రమ్-ఎస్ అయి ఉంటుంది. దేశంలో ఒక ప్రైవేటు సంస్థ ఎగరేసిన తొలి రాకెట్ అదే. అయితే అది సుమారు 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి సముద్రంలో పడేలా రూపొందించిన రాకెట్, ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టేది కాదు. చెన్నైకి చెందిన అగ్నికుల్ కూడా 2024 మేలో అలాంటి ప్రయోగమే చేసింది. హైదరాబాద్‌లోనే ఉన్న ధ్రువ స్పేస్ దారి వేరు. అది ఉపగ్రహాలు చేస్తుంది, 2022లో దాని రెండు చిన్న ఉపగ్రహాలు ఇస్రో పీఎస్ఎల్‌వీ మీదే వెళ్లాయి. చెప్పవచ్చేదేమంటే ఇక్కడ పని ఉంది, పెట్టుబడీ వస్తోంది, కానీ ఇవి ఇంకా పెట్టుబడిదారుల డబ్బు మీదే ఎక్కువగా ఆధారపడిన సంస్థలు. జీతంతో పాటు వాటాలు కూడా ఇస్తామని కొన్ని అంకుర సంస్థలు అంటాయి. వద్దనక్కర్లేదు గానీ, వాటితో నెల గడవదు.

అందువల్లే బ్రాంచి ఎంపికలో జాగ్రత్త అవసరం. స్కైరూట్ స్థాపకులిద్దరూ ఇస్రోలో పనిచేసి వచ్చినవారే. పవన్ కుమార్ చందన ఖరగ్‌పూర్ ఐఐటీలో మెకానికల్, నాగ భరత్ డాకా మద్రాసు ఐఐటీలో ఎలక్ట్రికల్ చదివారు. ఇద్దరిలో ఎవరిదీ బీటెక్‌లో ఏరోస్పేస్ కాదు. రాకెట్ అంటే కార్బన్ ఫైబర్ తొడుగు, ఇంజిన్, వెల్డింగ్, దారి చూపే ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్, వీటన్నిటినీ నెలల తరబడి పరీక్షించే ఓపిక. ఈ పనుల్లో ఎక్కువ భాగం మెకానికల్, ఈసీఈ, కంప్యూటర్ సైన్స్ వారివే. ఇస్రో సైంటిస్టు–ఇంజినీరు పోస్టులకు ఇచ్చే ప్రకటనల్లో కూడా ప్రధానంగా ఈ మూడు బ్రాంచిలే కనిపిస్తాయి, బీటెక్‌లో కనీసం 65 శాతం మార్కులు అడుగుతారు. కాబట్టి ఇస్రోనా, ప్రైవేటా అన్నది ఇప్పుడే తేల్చుకోవలసిన విషయం కాదు. నాలుగేళ్ల చదువు రెండింటికీ ఒకటే.

ఐఐటీల్లో గానీ, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో ప్రవేశమిచ్చే తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో గానీ ఏరోస్పేస్ సీటు వస్తే రెండో ఆలోచన లేకుండా చేర్చండి. ఆ స్థాయి కాలేజీ కానప్పుడు, గోడ మీద విమానం బొమ్మ చూసి మేనేజ్‌మెంట్ కోటాకు డబ్బు పోయడం నాకు ఇష్టం లేదు. మన దగ్గర చాలా కాలేజీల్లో ఏరోనాటికల్ పాఠ్యాంశాలు ప్రధానంగా విమానాల గురించినవే. పైగా ఈ రంగం నాలుగేళ్ల తరువాత మందగిస్తే, మెకానికల్ లేదా ఈసీఈ చదివిన పిల్ల రక్షణ ఎలక్ట్రానిక్స్‌కో, వాహన పరిశ్రమకో, చిప్ డిజైన్‌కో వెళ్లగలదు. హైదరాబాద్‌లో అంకుర సంస్థలు పుట్టకముందు నుంచే ఇస్రోకు విడిభాగాలు, పరికరాలు అందిస్తున్న ఎంటార్, అనంత్ టెక్నాలజీస్ వంటి కంపెనీలు ఉన్నాయన్నదీ మరిచిపోవద్దు. పత్రికల్లో వీటి పేర్లు తక్కువగా కనిపిస్తాయి గానీ, ఇంటర్న్‌షిప్ కోసం ముందుగా తట్టవలసిన తలుపులు ఇవే.

అమ్మాయి ఉత్సాహం మీద నీళ్లు చల్లకండి. బ్రాంచి మెకానికల్ అయినా మొదటి సంవత్సరం నుంచే రాకెట్ లేదా క్యాన్‌శాట్ (డబ్బా అంత నమూనా ఉపగ్రహం) జట్టులో చేరి, చేత్తో ఏదో ఒకటి తయారు చేసి, అది ఎందుకు పనిచేయలేదో కాగితం మీద రాసి పెట్టుకోమనండి. ఇంటర్వ్యూలో ఆ కాగితం మీద జరిగే చర్చ మార్కుల జాబితా మీద జరగదు. మీరు మాత్రం కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు ఆ రెండు కాలేజీలకూ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. ప్రిన్సిపల్ గదిలో కూర్చోకుండా వర్క్‌షాపు తెరిపించి, లేత్ యంత్రం నడుస్తోందో లేదో, చివరి సంవత్సరం పిల్లలు ఈ ఏడాది ఏం తయారు చేశారో అడిగి చూడండి.