జీటీఏ 6 కోసం ఏ కన్సోల్? నన్నడిగితే డిస్కు పట్టేది

అడిగిన ప్రశ్న ఇది: "జీటీఏ 6 ఆడటానికి డబ్బులు జమ చేస్తున్నాను. ప్లేస్టేషన్ 5 కొనాలా, ఎక్స్‌బాక్స్ కొనాలా? నింటెండో స్విచ్ 2 కూడా బాగుందంటున్నారు. ఇప్పుడే కొనాలా, ఆగాలా?"

తెలియనివాళ్లకు ఒక మాట: జీటీఏ 6 అంటే ఒక వీడియో గేమ్. దాన్ని ఆడే మిషన్‌ను కన్సోల్ అంటారు. ప్లేస్టేషన్ సోనీది, ఎక్స్‌బాక్స్ మైక్రోసాఫ్ట్‌ది. పొట్టి జవాబు ముందే చెప్పేస్తాను. ప్లేస్టేషన్ 5 కొనండి, అందులోనూ డిస్కు డ్రైవ్ ఉన్నదే కొనండి, కానీ ఇప్పుడే కొనకండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. మిగతాదంతా నా బాధ.

నాకు హనుమకొండ నయీంనగర్‌లో జిరాక్స్ షాపు ఉంది. స్పైరల్ బైండింగ్, లామినేషన్, పరీక్ష ముందు రోజు రాత్రి మైక్రో జిరాక్స్ కోసం వచ్చే పిల్లల మీద కేకలు, ఇదీ నా బతుకు. కౌంటర్ కింద ఒక సొరుగు ఉంది. అందులో జనాలు మరిచిపోయి వెళ్లిన ఆధార్ కార్డులు, వాటి కింద ప్లేస్టేషన్ డిస్కులు. పక్కనే ఒక లాంగ్ నోటుబుక్కు. ఎవరు ఏ ఆట పట్టుకెళ్లారు, ఎప్పుడు తెస్తామన్నారు, అసలు ఎప్పుడు తెచ్చారు, మూడు గడులు. కిరాయి లేదు. ఒక డిస్కు పెట్టినవాడు ఒక డిస్కు తీసుకోవచ్చు, అంతే. ఇంజినీరింగ్ పోరగాళ్లు వస్తారు, ఒక బ్యాంకు క్యాషియర్ సారు వస్తారు. ఆయన ఇంట్లో తెలియకుండా డిస్కును పాస్‌బుక్కుల మధ్య పెట్టుకుని తీసుకెళ్తారు. ఏ కంపెనీ మంచిది, ఏది చెడ్డది అని నేను తేల్చేది ఈ సొరుగు పక్కన కూర్చునే. గ్రాఫిక్స్, టెరాఫ్లాప్స్ లెక్కలు కావాలంటే వేరేవాళ్లను అడగండి.

మీకు 2018 నవంబర్ సంగతి ఒకటి చెప్పాలి. జీటీఏ తీసే రాక్‌స్టార్ వాళ్లదే రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అనే ఆట అక్టోబర్ 26న వచ్చింది. కొత్త డిస్కు కొనే స్థోమత అప్పుడు నాకు లేదు. కరీంనగర్‌లో మా అత్తకొడుకు కొన్నాడు. కొని మూడు వారాలు నిద్ర మానేసి ఆడి, "అయిపోయింది బామ్మర్ది, తీస్కో" అన్నాడు. కరీంనగర్ నుంచి హనుమకొండకు డెబ్బై కిలోమీటర్లు. మా పద్ధతి ఏమిటంటే, సాయంత్రం బస్సు డ్రైవర్ అన్న చేతికి ముప్పై రూపాయలు, డిస్కు బాక్సు ఇచ్చేయడం. ఇక్కడ బస్టాండులో నేను దించుకోవడం. అప్పటికే ఆ రూటులో ఒక డ్రైవర్ అన్న మాకు అలవాటైపోయాడు.

ఆ రోజు ఆయన పట్టుకోనన్నాడు. ఎలక్షన్ కోడ్ నడుస్తోంది, డిసెంబర్ 7న పోలింగ్, రోడ్డు మీద అడుగడుగునా చెకింగ్. "సీల్ ఏసిన కవర్ నేను తీస్కపోను తమ్మీ, పైసలనుకుంటరు" అన్నాడట. మా బావ అక్కడే టేపు చింపి, బాక్సును ఉత్త పాలిథిన్ కవర్లో పెట్టి ఇచ్చాడు. హుజూరాబాద్ దగ్గర బస్సు ఆపారు. బ్యాగులన్నీ చూస్తున్న కానిస్టేబుల్ చేతికి ఈ బాక్సు దొరికింది. ఎర్ర అట్ట, దాని మీద తుపాకీ గురిపెట్టిన మనిషి. కరీంనగర్, వరంగల్ పోలీసులకు ఆ రెండూ ఒక్కచోట కనిపిస్తే ఏం గుర్తొస్తుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. "ఏందిది?" అంటే డ్రైవర్ అన్న "పిలగాండ్ల ఆట సార్, గుర్రాల ఆట" అన్నాడట. ఆయనకు గుర్రాల సంగతి ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు. బాక్సు తెరిచి చూసి, నవ్వి, తిరిగి ఇచ్చేశారు.

రాత్రి ఎనిమిదిన్నరకు బస్సు హనుమకొండ బస్టాండులోకి వచ్చింది. నేను అక్కడే లైటు కింద బాక్సు తెరిచాను. గుండె ఆగినంత పనయింది. ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో ఆ ఆటకు రెండు డిస్కులు. ఒకటి డేటా డిస్కు, దాంతో ఇన్‌స్టాల్ చేయాలి. రెండోది ప్లే డిస్కు, ఆడేటప్పుడు అది మిషన్‌లో ఉండాలి. నా బాక్సులో డేటా డిస్కు ఒక్కటే ఉంది.

చెకింగ్‌లో పడిపోయి ఉంటుందని నేను, పడిపోలేదని డ్రైవర్ అన్న. కండక్టర్ ఫోన్ టార్చ్ వేశాడు. ముగ్గురం సీట్ల కింద వంగి వెతుకుతున్నాం. దిగుతున్న ఒక అవ్వ ముల్లె పక్కన పెట్టి తనూ వంగింది. "ఏం పోయింది బిడ్డా, బంగారమా?" అంది. "సీడీ అవ్వా" అన్నాను. "గంతేనా!" అని ముల్లె ఎత్తుకుని వెళ్లిపోయింది. పది నిమిషాలు వెతికాం. పల్లీల పొట్టు, ఒక పిల్లాడి చెప్పు, ఏదో పార్టీ కండువా దొరికాయి. బావకు ఫోన్ చేస్తే ఎత్తడు. మూడోసారి ఎత్తి, అంతా విని, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా "మిషిన్లనే ఉన్నట్టుంది రా" అన్నాడు. ఆట అయిపోయాక కూడా ఆపలేక, పొద్దున ఇంకో జింకను వేటాడి, డిస్కు తీయకుండా ఖాళీ గూడుతోనే బాక్సు మూసి పంపాడు.

ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఉన్న డిస్కుతోనే ఇన్‌స్టాల్ పెట్టాను. ఎంతసేపో. మధ్యలో కరెంటు పోతుందేమోనని టెన్షన్. (పోతే నా కన్సోల్ మళ్లీ ఆన్ చేయగానే "నువ్వు నన్ను సరిగ్గా ఆఫ్ చేయలేదు" అని నాకే క్లాస్ పీకేది. గాలివాన వచ్చి ఫీడర్ ట్రిప్ అయితే నా తప్పా?) అంతా ఎక్కాక తెర మీద ఒకటే మాట, ప్లే డిస్కు పెట్టండి. ఇంట్లో వందకు దగ్గర జీబీల ఆట, నేను దాని ముందు కూర్చుని అన్నం తింటున్నాను. మర్నాడు సాయంత్రం అదే బస్సులో ప్లే డిస్కు వచ్చింది. డ్రైవర్ అన్న ముప్పై తీసుకోలేదు, టీ తాగాడు. "గుర్రాలు మంచిగున్నయా?" అని ఆ నెలంతా అడిగేవాడు.

డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కదా అంటారు. మళ్లీ నాలుగు వేలు కట్టి, అప్పటి నా నెట్టులో నెలవారీ లిమిట్ దాటాక నత్తనడకన, వారమంతా. అదీ కాక డౌన్‌లోడ్ చేసిన ఆటను డ్రైవర్ అన్న చేతికి ఎలా ఇస్తాను?

ఇక కంపెనీల విషయానికి వస్తాను. 2013 జూన్‌లో మైక్రోసాఫ్ట్ తన కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్ గురించి చెబుతూ, కన్సోల్ 24 గంటలకు ఒకసారి నెట్టుకు కనెక్ట్ కావాలని, పాత డిస్కులు అమ్మడానికి, ఇతరులకు ఇవ్వడానికి షరతులు ఉంటాయని అంది. జనం తిట్టిన తిట్లకు జూన్ 19న వెనక్కి తగ్గింది. ఈలోపు సోనీ అర నిమిషం కూడా లేని ఒక వీడియో పెట్టింది. పీఎస్4లో ఆటను స్నేహితుడికి ఎలా ఇవ్వాలి? ఒకాయన డిస్కు చాపుతాడు, ఇంకొకాయన తీసుకుంటాడు. వీడియో అయిపోయింది. దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ తరం కన్సోళ్ల పందెం ఆ వీడియోతోనే తేలిపోయిందని నా గట్టి నమ్మకం. మిగతా కారణాలన్నీ తర్వాత వచ్చి చేరినవే.

మరి అదే సోనీ ఏం చేసింది? 2024 నవంబర్‌లో పీఎస్5 ప్రో తెచ్చింది, 700 డాలర్లు, డిస్కు డ్రైవ్ లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలట. పెళ్లికి పిలిచి విస్తరి మీరే తెచ్చుకోండి అన్నట్టు. ఆ విడి డ్రైవ్‌ను తగిలించాక ఒకసారి నెట్టుకు కలిపితే తప్ప పనిచేయదు. మన దేశానికి మాత్రం ప్రో అప్పుడు రాలేదు. దాని వైఫై వాడే 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు అప్పటికి ఇక్కడ అనుమతి లేదు. మంచిదే, కొనేవాళ్ల డబ్బులు మిగిలాయి. వచ్చే తరం ప్లేస్టేషన్‌లో డ్రైవ్ ఉండదని నేను రాసిస్తాను, కావాలంటే స్టాంపు పేపరు నా షాపు పక్కనే దొరుకుతుంది.

మైక్రోసాఫ్ట్ కథ ఇంకా విచిత్రం. 2023 అక్టోబర్‌లో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే ఆటల కంపెనీని 6,870 కోట్ల డాలర్లకు కొన్నది. రెండేళ్లకు తన ఇంటి దేవుడు లాంటి హేలో ఆటనే ప్లేస్టేషన్‌కు ఇస్తున్నానని ప్రకటించింది. అంటే ఎక్స్‌బాక్స్ కొననివాడికీ ఎక్స్‌బాక్స్ ఆట వస్తుంది. కొన్నవాడికి ప్రత్యేకంగా ఏం మిగిలింది? గేమ్ పాస్ (నెలనెలా డబ్బు కడితే బోలెడు ఆటలు ఆడనిచ్చే ఎక్స్‌బాక్స్ పథకం) ఉందిగా అనేవాళ్లు, 2025 అక్టోబర్‌లో అల్టిమేట్ ప్లాన్ మన దగ్గర నెలకు 829 నుంచి 1,389 రూపాయలు ఎందుకయిందో కూడా చెప్పాలి. చవగ్గా దొరికే సిరీస్ ఎస్‌కు డిస్కు పెట్టే చోటే లేదు. సిరీస్ ఎక్స్‌కు ఉంది, ఒప్పుకుంటాను. నా సొరుగులో మాత్రం ఎక్స్‌బాక్స్ డిస్కు ఇప్పటిదాకా ఒక్కటే వచ్చింది. అది తెచ్చినవాడు దానికి బదులు తీసుకోవడానికి ఏమీ లేక దాన్నే వెనక్కి పట్టుకెళ్లాడు.

నింటెండో గురించి ఏం చెప్పను. ఆటలు చేయడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. కానీ స్విచ్‌ను 2017లో గానీ, స్విచ్ 2ను 2025లో గానీ మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. ఎవరో బయటి నుంచి తెప్పించి అమ్మేది కొనాలి, పాడైతే మన ఖర్మ. మీకు కావలసిన జీటీఏ 6 స్విచ్ 2కు ప్రకటించనేలేదు, కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. పైగా స్విచ్ 2లో కొన్ని ఆటల కార్డుల్లో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. కార్డు పెట్టి ఆటను నెట్టు నుంచి దించుకోవాలి. ఆ కార్డును ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఆ మర్యాదైనా ఉంచారు.

డిస్కు ఉంటే అన్నీ బాగుంటాయని నేనూ అనను. సోనీ కాంకార్డ్ అనే ఆట 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబర్ 6న మూతపడింది. రెండు వారాలు. పూర్తిగా ఆన్‌లైన్ ఆట కదా, సర్వర్ పోయాక డిస్కు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే. కొన్నవాళ్లకు డబ్బులు తిరిగి ఇచ్చారు, అది వేరే సంగతి. సర్వర్ అక్కర్లేని ఆటకైతే డిస్కును మించింది లేదు. 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి నా షాపులోకి మోకాలి లోతు నీళ్లు వచ్చినప్పుడు ఒక జిరాక్స్ మిషన్ పోయింది, కంప్యూటర్ పోయింది. సొరుగులోని పదకొండు డిస్కులు రాత్రంతా బురదలో నానాయి. మంచినీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు దాకా తుడిచి ఆరబెడితే పది ఆడాయి. పదకొండోది ఫుట్‌బాల్ ఆట, దానికి ముందు నుంచే గీతలున్నాయి.

ఇప్పుడు డబ్బు లెక్క. 2024 ఏప్రిల్‌లో సన్నటి పీఎస్5 మన మార్కెట్లోకి వచ్చినప్పుడు డిస్కు ఉన్నది 54,990, లేనిది 44,990. పదివేలు మిగిలాయని సంబరపడతారు. కొత్త ఆట 4,999కి కొని, నెలలోపు ఆడేసి అమ్మితే నా అనుభవంలో 3,500 దాకా వస్తుంది. మూడు ఆటలు అమ్మితే ఆ పదివేలు వచ్చేసినట్టే. డిజిటల్‌లో కొన్నవాడికి అమ్మడానికి ఏముంటుంది?

ఎప్పుడు కొనాలి అంటే, ఆట చేతికొచ్చిన వారం కొనండి. జీటీఏ 6 మొదటి ట్రైలర్ 2023 డిసెంబర్‌లో వచ్చినప్పుడు 2025 అన్నారు. తర్వాత 2026 మే 26 అన్నారు. అదీ మార్చి ఇప్పుడు 2026 నవంబర్ 19 అంటున్నారు. ఇంకోసారి జరిగినా నేను ఆశ్చర్యపోను. నేనెరిగిన ఒక పోరడు 2025 అన్న మాట నమ్మి వాయిదాల మీద కన్సోల్ తీసుకున్నాడు. వాయిదాలు అయిపోయాయి, ఆట రాలేదు. ఇప్పుడు దాని మీద జీటీఏ 5 ఆడుతున్నాడు. అది 2013 నాటి ఆట, వాడు అప్పుడు రెండో తరగతి.

అన్నట్టు, రెడ్ డెడ్ 2 సంగతి ఇంకా తేలలేదు. కొన్నాళ్లకు బావ హార్డ్‌డిస్కు మార్చాడు, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి అని డేటా డిస్కు బస్సులో వెనక్కి పంపించుకున్నాడు. నేను ఇంకా ఆడుతున్నానని ప్లే డిస్కు నా దగ్గరే ఉంచుకున్నాను. తర్వాత జాగా చాలక ఆటను డిలీట్ చేశాను. బావ దుబాయ్ వెళ్లిపోయాడు. ఇప్పుడు నా పీఎస్5లో మళ్లీ ఆడాలంటే ఆ డేటా డిస్కు కావాలి, అదేమో కరీంనగర్‌లో మా అత్త ఇంట్లో ఉంది. మొన్న వీడియో కాల్‌లో అత్త అలమర తెరిచి ఒక్కొక్కటే చూపించింది. బావ పెళ్లి సీడీ, భక్తి పాటలు, మా తాత దశదినకర్మ వీడియో. "దాని మీద గుర్రముంటదా బిడ్డా?" అని అడిగింది. డిస్కు మీద ఏముంటుందో నాకూ గుర్తులేదు.